ఎనిమిది సెకన్లు, ఒక సెగగడ్డ: ఫిన్యోన్ లెక్క మళ్లీ వేస్తే

ఫ్రెంచ్ సైక్లిస్టు లోరాన్ ఫిన్యోన్ పేరు చెప్పగానే సైకిల్ పందాలు చూసేవాళ్లకు ముందు గుర్తొచ్చేది ఒక అంకె, ఆ వెంటనే ఒక వస్తువు. అంకె ఎనిమిది. వస్తువు, అతని అమెరికన్ ప్రత్యర్థి గ్రెగ్ లెమాండ్ తన సైకిల్‌కి బిగించుకున్న హ్యాండిల్. మూడు వారాలు, రోజుకో స్టేజిగా సాగే టూర్ డి ఫ్రాన్స్‌లో 1989 పందెం చివరి రోజు, జులై 23 ఆదివారం, వెర్సాయ్ నుంచి పారిస్‌లోని షాంజెలీజే దాకా 24.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్, అంటే ఒక్కొక్కరే బయల్దేరి గడియారంతో పోటీపడే పందెం, జరిగింది. బయల్దేరేటప్పటికి మొత్తం కాలంలో ఫిన్యోన్ 50 సెకన్లు ముందున్నాడు. లెమాండ్ 26 నిమిషాల 57 సెకన్లలో ముగించాడు, ఫిన్యోన్‌కి 27 నిమిషాల 55 సెకన్లు పట్టింది. 58లోంచి 50 పోతే ఎనిమిది. మూడు వారాల్లో 3,285 కిలోమీటర్లు తొక్కాక ఇద్దరి మధ్య మిగిలిన తేడాని పందెం మొత్తం సగటు వేగంతో దూరంగా మార్చి చూస్తే 83 మీటర్లు.

దీన్ని అందరూ చెప్పే తీరు ఒకటుంది. అమెరికా కుర్రాడు ముంజేతులు ఆనించుకునే కొత్త హ్యాండిల్ తెచ్చాడు, వెనక కోసుగా సాగిన హెల్మెట్ పెట్టాడు. ఫ్రెంచివాడు హెల్మెట్ లేకుండా, పిలకజుట్టు గాలికి వదిలేసి, పాత హ్యాండిల్‌తో వెళ్లి పొగరు వల్ల ఓడిపోయాడు. నీతికథగా బాగుంటుంది. కానీ కాగితం, కలం తీసుకుని కూర్చుంటే ఈ కథ సగమే నిలుస్తుంది. మిగతా సగం కోసం హ్యాండిల్ దగ్గర్నుంచి సీటు దగ్గరికి రావాలి.

ముందు నిలిచే సగం చూద్దాం. ఫిన్యోన్ ఆ రోజు సగటున గంటకు 52.7 కిలోమీటర్ల వేగంతో వెళ్లాడు, లెమాండ్ 54.5తో. ఆ వేగంలో కాళ్ల శక్తిలో దాదాపు తొంభై శాతం గాలిని చీల్చడానికే పోతుంది. టైర్ల రాపిడికీ చైనుకీ పోయేది చాలా తక్కువ. గాలిని చీల్చడానికి సెకనుకి కావలసిన శక్తి వేగానికి ఘనంలో పెరుగుతుంది. అంటే గాలి నిరోధం మూడు శాతం తగ్గితే, అదే శక్తితో కాలం సుమారు ఒక శాతమే తగ్గుతుంది. ఫిన్యోన్‌కి కావలసింది తొమ్మిది సెకన్లు, అంటే తన 1,675 సెకన్లలో అర శాతానికి కాస్త ఎక్కువ. గాలి నిరోధం రెండు శాతం లోపు తగ్గినా టూర్ అతనిదే. ఆ రెండు శాతం పిలకని హెల్మెట్ కింద దోపుకున్నా వచ్చేదేమో.

ఇక హ్యాండిల్ సంగతి. స్కాట్ కంపెనీ అమ్మిన ఆ హ్యాండిల్‌ని తయారుచేసింది బూన్ లెన్నన్, ఒకప్పుడు స్కీయింగ్ కోచ్. కొండ దిగే స్కీయర్ చేతులు ముందుకి చాచి, మోచేతులు దగ్గరికి ముడిచి, గుడ్డులా ముడుచుకుంటాడు కదా, సైకిల్ మీద కూడా మనిషిని అలా కూర్చోబెట్టడమే ఆలోచన. మోచేతుల కింద మెత్తలు, వాటి ముందు వంపు తిరిగిన గొట్టం. మోచేతులు దగ్గరికి రాగానే భుజాలు కిందికి దిగుతాయి, ఛాతీ ముంజేతుల వెనక దాక్కుంటుంది. ఫిన్యోన్ వాడింది ఆవు కొమ్ముల్లా ముందుకి వంగిన హ్యాండిల్. దాన్ని పట్టుకుంటే వీపు బల్లపరుపుగానే ఉంటుంది, కానీ చేతులు భుజాలంత ఎడంగా ఉంటాయి. ఆ రెండు చేతుల మధ్య నుంచి గాలి తిన్నగా వచ్చి ఛాతీకి కొడుతుంది. ఈ ఒక్క మార్పుతో గాలి నిరోధం అయిదు శాతమే తగ్గిందనుకున్నా పారిస్ దారిలో పాతిక సెకన్లు మిగిలేవి.

కాబట్టి హ్యాండిల్ వాదన తప్పేం కాదు. ఆ ఒక్కటి చాలదు, అంతే.

ఎందుకు చాలదంటే, లెమాండ్ ఆ హ్యాండిల్‌ని పారిస్‌లో మొదటిసారి బయటికి తీయలేదు. అదే టూర్ అయిదో స్టేజిలో, దినార్ నుంచి రెన్ దాకా జరిగిన 73 కిలోమీటర్ల టైమ్ ట్రయల్లో, అదే హ్యాండిల్‌తో గెలిచాడు. అక్కడ ఫిన్యోన్ పోగొట్టుకున్నది 56 సెకన్లు. కిలోమీటరుకి ముప్పావు సెకను. పారిస్‌లో పోగొట్టుకున్నది కిలోమీటరుకి 2.37 సెకన్లు, మూడింతలు! శాతాల్లో చూస్తే ఇంకా తేటగా కనిపిస్తుంది: రెన్ దారిలో ఫిన్యోన్ తన కాలంలో ఒక శాతం కన్నా తక్కువ తేడాతో ఓడాడు, పారిస్ దారిలో మూడున్నర శాతంతో. రెన్‌లో ఎంత వెనకబడ్డాడో పారిస్‌లోనూ అదే నిష్పత్తిలో వెనకబడి ఉంటే పోయేవి పదహారు సెకన్లు. టూర్‌ని ముప్పై నాలుగు సెకన్ల తేడాతో గెలిచేవాడు. దారులు వేరు, రోజులు వేరు, ఒప్పుకుంటాను. రెన్ దారి ఎత్తుపల్లాలది. వెర్సాయ్ నుంచి పారిస్‌కి మొత్తంమీద పల్లం, పైగా గాలి వెనకనుంచి. ఆ తేడాలకి కొంత వదిలేసినా మూడింతలు ఎలా వచ్చిందో హ్యాండిల్ చెప్పలేదు.

ఇంకో లెక్క నాకు మరీ నచ్చుతుంది. పారిస్ స్టేజిలో రెండో స్థానం తియెరీ మారీది, లెమాండ్ కన్నా 33 సెకన్లు వెనక. మారీ ఎవరు? ఫిన్యోన్ జట్టువాడే. సూపర్ యు జట్టు, అదే మేనేజరు, అదే మెకానిక్కులు. ఆ రోజు ఫిన్యోన్ తన జట్టువాడి కన్నా పాతిక సెకన్లు ఎక్కువ తీసుకున్నాడు. మారీతో సమానంగా వచ్చినా పదిహేడు సెకన్లతో టూర్ దక్కేది. మారీ చిన్న దూరాల టైమ్ ట్రయళ్లలో ఆరితేరినవాడు, మొత్తం కాలంలో ముందున్నవాడు వేసుకునే పసుపు జెర్సీ బరువు మోయనివాడు, నిజమే. అయినా పసుపు జెర్సీలో ఉన్న ఫిన్యోన్‌కి ఆ పాతిక సెకన్లు ఎక్కడ పోయినట్టు?

సీటు మీద పోయాయి. శుక్రవారం ఎక్స్-లె-బాన్ స్టేజి అయ్యేసరికి ఫిన్యోన్‌కి సీటు తగిలేచోట సెగగడ్డ లేచింది. ఇది వినడానికి చిన్న విషయం, తొక్కేవాళ్లకి కాదు. రోజుకి అయిదారు గంటలు ఒకేచోట ఒత్తిడి, చెమట, లోపలి గుడ్డ రాపిడి. వెంట్రుక మొదట్లో చర్మం చిట్లుతుంది, సూక్ష్మజీవి చేరుతుంది, లోపల చీము గట్టిపడుతుంది. మామూలు రోడ్డు పందెంలో నిలబడి తొక్కుతూ, ఎడమకీ కుడికీ జరుగుతూ ఎలాగో నెట్టుకురావచ్చు. టైమ్ ట్రయల్లో ఆ సదుపాయం లేదు. వీపు వంచి, నడుముని ముందుకి తిప్పి, సీటు ముక్కు మీదే కూర్చోవాలి. బరువంతా పుండున్న చోటే పడుతుంది. నొప్పికి రెండు సెంటీమీటర్లు పక్కకి జరిగితే తుంటి కదులుతుంది, పెడల్ మీద ఒత్తిడి సమంగా పడదు. లేచి నిలబడితే గాలికి తలుపు తీసినట్టే. శనివారం రాత్రి సరిగ్గా నిద్ర లేదు, ఆదివారం వార్మప్ కూడా పూర్తిగా చేయలేకపోయాడు. గట్టి మందు వేసుకుంటే డోపింగ్ పరీక్షలో దొరికే ప్రమాదం. విశ్రాంతి ఇస్తే నాలుగైదు రోజుల్లో తగ్గే జబ్బు. టూర్‌లో దొరకనిది ఆ నాలుగైదు రోజులే.

ముందు చక్రం మాట కూడా చెప్పాలి. లెమాండ్ వెనక చక్రం ఒక్కదాన్నే స్పోకులు లేని డిస్క్‌గా పెట్టుకున్నాడు. ఫిన్యోన్ ముందూ వెనకా రెండూ డిస్కులే వేశాడు. వెనక డిస్క్ మంచిదే. ముందు డిస్క్ మాత్రం పక్కగాలి తగిలితే తెరచాపలా మారి హ్యాండిల్‌ని లాగేస్తుంది, దాన్ని సరిచేయడానికి చేతులు బిగించాలి, భుజాలు లేస్తాయి. ఆధునిక పరికరాలు వద్దన్న మొండివాడిగా ఫిన్యోన్‌ని చూపించేవాళ్లు ఈ రెండు డిస్కుల్ని మరిచిపోతారు. అతను కొత్తదనం వద్దనలేదు. తప్పు కొత్తదనం ఎంచుకున్నాడు.

ఆ హ్యాండిల్ అసలు నిబంధనల ప్రకారం చెల్లుతుందా అన్న వాదన ఇప్పటికీ ఉంది. అప్పటి నియమం ప్రకారం సైక్లిస్టు శరీరం సైకిల్‌కి మూడుచోట్లే ఆనాలి: సీటు, పెడల్, హ్యాండిల్. మోచేతి మెత్తలు నాలుగోది. అధికారులు ఒప్పుకున్నారు. సూపర్ యు మేనేజరు సిరిల్ గిమార్ రెన్‌లోనే గట్టిగా అడ్డుపడి ఉండాల్సింది, లేదా ఆ రాత్రే అలాంటిది ఒకటి తెప్పించి బిగించి ఉండాల్సింది. రెన్ నుంచి పారిస్‌కి మధ్య రెండు వారాలకి పైగా ఉంది. రెండూ చేయలేదు. నా దృష్టిలో ఆ టూర్‌లో క్షమించరాని తప్పు ఇదొక్కటే, అది ఫిన్యోన్ కన్నా గిమార్‌ది. ఎందుకంటే గాలి సంగతి తెలియనివాడు కాడు గిమార్. పదేళ్ల ముందే కార్ల కంపెనీ రెనో ఇంజనీర్లతో కలిసి జిటాన్ సైకిళ్లని విండ్ టన్నెల్లో పెట్టి పరీక్ష చేయించిన జట్టు అతనిది.

పైగా ఇద్దరికీ ఈ దెబ్బ కొత్త కాదు. 1984లో ఇటలీ మూడు వారాల పందెం జీరో డి ఇటాలియా చివరి రోజు, సోవావే నుంచి వెరోనా దాకా 42 కిలోమీటర్ల టైమ్ ట్రయల్. ఫిన్యోన్ 1 నిమిషం 21 సెకన్ల ఆధిక్యంతో బయల్దేరాడు. ఫ్రాంచెస్కో మోజెర్ ఆ జనవరిలోనే మెక్సికో సిటీలో డిస్క్ చక్రాల మీద గంటలో 51 కిలోమీటర్లు దాటి ప్రపంచ రికార్డు పెట్టినవాడు. అదే సరంజామా వెరోనాకి పట్టుకొచ్చాడు. ఒక్క టైమ్ ట్రయల్లో 2 నిమిషాల 24 సెకన్లు లాగేసి 1:03 తేడాతో జీరో గెలిచాడు. ఎత్తైన స్టెల్వియో కనుమని మంచు పేరు చెప్పి దారిలోంచి తీసేయడం, మోజెర్ వెనకనుంచి హెలికాప్టర్ గాలి తోసిందన్న ఫిర్యాదు, ఇవన్నీ ఫ్రెంచివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. స్టెల్వియో విషయంలో ఫిన్యోన్ కోపం న్యాయమైనదే; అతను మోజెర్‌ని కొట్టగలిగేది కొండల మీదే. హెలికాప్టర్ మాట నేను పక్కన పెడతాను. మోజెర్ చక్రాలు చాలు ఆ తేడాకి. అయిదేళ్ల తర్వాత మళ్లీ చివరి రోజు, మళ్లీ టైమ్ ట్రయల్, మళ్లీ ఎదుటివాడి దగ్గర కొత్త సామాను. చదువుకున్నవాడని, కళ్లజోడు చూసి ‘ప్రొఫెసర్’ అని పిలిచిన మనిషికి ఈ పాఠం రెండుసార్లు చెప్పించుకోవాల్సి వచ్చింది.

ఆ ఆదివారాన్నే పట్టుకు వేలాడితే మిగతా జీవితం అన్యాయంగా చిన్నదైపోతుంది. 1960 ఆగస్టు 12న పారిస్‌లో పుట్టాడు. 1982లో రెనో జట్టులో ప్రొఫెషనల్ అయ్యాడు. 1983లో జట్టు నాయకుడు బెర్నార్ ఇనో మోకాలి నొప్పితో టూర్‌కి రాలేదు; 22 ఏళ్ల ఫిన్యోన్ తన మొదటి టూర్‌నే గెలిచాడు. అదృష్టం అన్నారు, ఎందుకంటే పసుపు జెర్సీలో ఉన్న పాస్కల్ సిమోన్ భుజం ఎముక విరిగి తప్పుకున్నాకే అది ఫిన్యోన్‌కి దక్కింది. మరుసటేడు ఆ మాట అనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఇనో కొత్త జట్టుతో ఎదురొచ్చాడు. ఫిన్యోన్ అయిదు స్టేజిలు గెలిచి, ఇనోని 10 నిమిషాల 32 సెకన్లు వెనక పడేశాడు. ఆల్ప్ ద్యుయెజ్ కొండ దారిలో ఇనో దాడి చేస్తుంటే నవ్వొచ్చిందని టీవీలో అన్నాడు. ఫ్రాన్స్ ఆ నవ్వుని చాలాకాలం మరచిపోలేదు. 1989లో టూర్ పాత్రికేయులు అతనికి ‘నిమ్మకాయ బహుమతి’ ఇచ్చారు, అందరికన్నా పుల్లగా మాట్లాడే సైక్లిస్టుకి ఇచ్చేది. కెమెరాల మీదికి వెళ్లేవాడు, అడిగినవాళ్లకి ముఖం మీదే జవాబిచ్చేవాడు. ఓడినప్పుడు జాలి తక్కువగా దొరకడానికి ఇదీ ఒక కారణం.

1985లో మడమ వెనక స్నాయువుకి శస్త్రచికిత్స. ఆ తర్వాత మూడేళ్లు మెరుపు ఒకరోజు, మబ్బు పదిరోజులు. 1988 టూర్‌లో నీరసంతో తప్పుకుంటే తర్వాత కడుపులో బద్దెపురుగు ఉన్నట్టు తేలింది. అదే ఏడు మార్చిలో మిలాన్-సాన్ రెమో గెలిచాడు, 1989లో మళ్లీ గెలిచాడు. దాదాపు 300 కిలోమీటర్ల పందెం అది. గెలుపు చివర్లో వచ్చే పోజ్జియో అనే చిన్న గుట్ట చుట్టూ తేలుతుంది. కొండలెక్కేవాడు, టైమ్ ట్రయల్ తొక్కేవాడు, మూడు వారాల పందేలు గెలిచేవాడు ఇలాంటి ఒక్కరోజు పందేన్ని వరసగా రెండేళ్లు కొట్టడం అరుదు. 1989లోనే జీరో కూడా దక్కింది. అంటే ఆ ‘ఓడిపోయిన’ ఏడాదిలో అతని ఖాతాలో సాన్ రెమో, జీరో, టూర్‌లో ఎనిమిది సెకన్ల రెండో స్థానం ఉన్నాయి. ఇంతకన్నా మంచి ఏడాది ఎంతమందికి ఉంది?

డోపింగ్ మాట దాటేస్తే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. 1987లోనూ, 1989 టూర్ అయిన రెండు నెలలకీ పరీక్షల్లో యాంఫెటమైన్ దొరికింది. తర్వాత తానే ఒప్పుకున్నాడు, కార్టిజోన్ కూడా వాడానన్నాడు. అతని వాదన ఏమిటంటే, తన కాలపు మందులు అలసటని కప్పేవే తప్ప సాధారణ సైక్లిస్టుని విజేతగా మార్చేవి కావు. 1990ల్లో వచ్చిన ఈపీఓ అలా కాదు. వైద్యపరంగా ఇందులో నిజం ఉంది. ఈపీఓ ఎర్ర రక్తకణాల్ని పెంచుతుంది, మూడు వారాలూ ప్రాణవాయువు ఎక్కువ అందుతుంది, కొండమీద తేడా నిమిషాల్లో కనిపిస్తుంది. దాన్ని పట్టే పరీక్ష 2000 దాకా లేదు. కానీ ‘మాది చిన్న తప్పు, వాళ్లది పెద్దది’ అనే ఈ తరహా వాదన ప్రతి తరమూ తన తర్వాతి తరం గురించి చెప్పేదే. అందులో సగమే తీసుకోవాలి.

అయితే ఆ మార్పు తన కాళ్లతో గ్రహించినవాళ్లలో అతనొకడు. 1992లో ఇటలీ జట్టు గటోరేడ్‌లో చేరి జాన్ని బున్యోకి సహాయకుడిగా తొక్కాడు, మ్యూలూజ్‌లో తన తొమ్మిదో, చివరి టూర్ స్టేజి గెలిచాడు. 1993 టూర్‌లో, తన వెనకే ఉండాల్సినవాళ్లు కొండల మీద ఆయాసం లేకుండా, నోరు కూడా తెరవకుండా ముందుకి పోతుంటే చూశాడు. ఇజోలా 2000 అనే ఊరికి వెళ్లే స్టేజిలో 2,802 మీటర్ల బొనెత్ రోడ్డుని అందరికన్నా వెనక, ఒంటరిగా, తొందరపడకుండా ఎక్కాడు. ఆ రోజే పందెం వదిలేశాడు. ఆ ఆగస్టు చివర్లో ప్లూయే పందెంతో వృత్తి ముగిసింది. అప్పటికి 33 ఏళ్లు.

తర్వాతి జీవితంలో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది పారిస్-నీస్. 1933లో మొదలైన ఆ పందేన్ని లూలియో కుటుంబం దశాబ్దాలు నడిపింది. వాళ్ల దగ్గర్నుంచి ఫిన్యోన్ కంపెనీ దాన్ని తీసుకుని 2000, 2001ల్లో నిర్వహించింది. రోడ్డు పందెం నడపడం ఎంత కష్టమో బయటికి తెలియదు. టికెట్లు ఉండవు, ఎందుకంటే రోడ్డు అందరిదీ. డబ్బు వచ్చే దారులు మూడే: స్పాన్సర్లు, టీవీ హక్కులు, స్టేజి తమ ఊళ్లో మొదలవ్వాలనో ముగియాలనో పట్టణాలు కట్టే రుసుము. ఖర్చులు మాత్రం ఎనిమిది రోజులపాటు రోజుకో ఊరితో మారతాయి: జట్లకి బస, భోజనం, మోటార్‌సైకిళ్లు, రోడ్లు మూయించడం, అంబులెన్సులు, గీతల దగ్గర కట్టడాలు. ప్రతి సాయంత్రం విప్పి, రాత్రికి రాత్రి తరలించి, పొద్దున మళ్లీ కట్టాలి. టూర్ డి ఫ్రాన్స్ నడిపే ఏఎస్ఓకి ఆ సామాను, మనుషులు, టీవీతో బేరమాడే బలం ముందే ఉన్నాయి. ఒకే పెద్ద పందెం చేతిలో ఉన్నవాడికి ఒక్క స్పాన్సరు తప్పుకుంటే ఏడాది పోయినట్టే. 2002కల్లా పారిస్-నీస్ ఏఎస్ఓ చేతికి వెళ్లింది. ఇది ఫిన్యోన్ వ్యాపార వైఫల్యమనేవాళ్లున్నారు. స్వతంత్ర నిర్వాహకుల కాలం ముగిసిపోతున్న రోజుల్లో ఆ పని నెత్తినేసుకున్నాడని నేనంటాను.

2006లో పిరనీస్ కొండల కింద, బన్యేర్-ద-బిగోర్ పక్కనున్న జెర్ద్‌లో సైక్లింగ్ కేంద్రం పెట్టాడు. టూర్మలే కనుమ అక్కడికి దగ్గరే. టీవీ వ్యాఖ్యాతగా మొదట యూరోస్పోర్ట్‌లో, ఆపైన ఫ్రాన్స్ టెలివిజన్‌లో కూర్చున్నాడు. మాజీ ఆటగాళ్లు సాధారణంగా మాజీ మిత్రుల్ని మెచ్చుకుంటూ గడిపేస్తారు. ఇతను తొక్కనివాణ్ణి తొక్కడం లేదనే అనేవాడు. ఎనిమిది సెకన్లతో ఓడింది మీరే కదా అని అడిగితే, కాదు, టూర్‌ని రెండుసార్లు గెలిచింది నేను అని సరిదిద్దేవాడు.

2009లో జీర్ణవ్యవస్థలో క్యాన్సర్ అని బయటపెట్టాడు, అప్పటికే పాకింది. తాను వాడిన మందులే కారణమా అన్న ప్రశ్నకి, వైద్యులు అలా అనుకోవడం లేదనే చెప్పాడు. 2010 జులైలో కణితి స్వరతంత్రి నరాన్ని నొక్కడంతో గొంతు బొంగురుపోయింది. ఆ గొంతుతోనే మూడు వారాలూ వ్యాఖ్యానం చెప్పాడు. ఆ టూర్‌లో బాలెస్ కనుమ మీద ఆండీ ష్లెక్ చైను జారింది, ఆల్బెర్టో కాంటడోర్ ఆగకుండా వెళ్లి ఆ ఒక్క స్టేజిలో 39 సెకన్లు సంపాదించాడు, చివరికి పారిస్‌లో ఆ ఇద్దరి మధ్య తేడా కూడా 39 సెకన్లే. ఆగస్టు 31న పారిస్‌లోని పితియే-సాల్‌పెత్రియేర్ ఆసుపత్రిలో ఫిన్యోన్ చనిపోయాడు, 50 ఏళ్లు. ఆ టూర్ కాంటడోర్‌ది కాదని, ష్లెక్‌దని డోపింగ్ తీర్పు వచ్చేసరికి 2012 అయింది.